ఒక్కపొద్దు నాడు చెప్పిన మాట

"జేజీ, మా మిద్దె మీద బిడ్డలతో బాడుగకుండే వాళ్ళను ఖాళీ చేయమని చెప్పల్ల. ఇల్లు అమ్మకానికి పెట్టినాం. పైకి పోతా, నోరు రాక ఊరికే దిగి వస్తా. నువ్వు కమలాపురం ఇల్లు అమ్మినప్పుడు ఎట్లా చెప్పినావు?"

అట్ల కూచో మే. నోరు రాలేదంట! నాకు మాత్రం వచ్చిందా? మీ జేజినాయన నన్ను తిట్టని తిట్టు లేదు ఆ పొద్దు... ఆ పొద్దు కాదులే, ఆ చలికాలమంతా తిడతానే ఉండె.

ఆ ఇల్లు మా అమ్మ నాకు పసుపుకుంకాల కింద ఇచ్చినది. సున్నం గోడలు, కడప బండల నేల, వీధి వైపు వసారా. ఎండాకాలం ఆ బండల మీద పండుకుంటే ఒళ్ళు ఎంత సల్లగ... ఆ, ఏం చెప్తాంటి? అందులో దర్జీ కాసిం, ఆయప్ప పెండ్లాం మాబున్ని బాడుగకుండ్రి. మీ నాయన నిక్కర్లేసుకునే కాలం నుంచి. ఆ నిక్కర్లు కుట్టింది గూడా కాసిమే. అప్పుడు రవిక కుట్టాలంటే రెండు రూపాయలు, ఇప్పుడు అడుగు, వందల్లో చెప్తారు.

యాల అమ్మాల్సి వచ్చెనంటే, తోటలో చీనీచెట్లు, బత్తాయి అంటారే అవి, ఎండిపోతాండె. బోరు వట్టిపోయె. ఇంగా లోతుకు వేయల్ల, పైపులు దించల్ల, అదీ ఎండలు ముదరక ముందే. లేకుంటే మీ జేజినాయన బిడ్డల మాదిరి సాకిన చెట్లన్నీ పొయ్యిలోకే. పొద్దన్నే పోయి ఒక్కో చెట్టునూ తడిమి వస్తాండె ఆ మనిషి.

ఇల్లు కొనేదానికి సిమెంటు అంగడాయన వచ్చె. మంచి ధరే చెప్పె. కానీ ఇల్లు ఖాళీగా ఉంటేనే కొంటా, పడగొట్టి కట్టుకోవల్ల అనె.

ఇంగ నేను పోతి. గడప తొక్కితినో లేదో, మాబున్ని "రా అక్కా" అని పొయ్యి ముట్టించె. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. వాళ్ళు పెట్టిన బజ్జీ కొరుక్కుంటా "ఖాళీ చేయండి" అని ఎట్లంటాం చెప్పు? అనలేక వస్తి. మళ్ళీ పోతే బగారా అన్నం. ఇంగోసారి సేమియా పాయసం. ఇంటికొస్తే మీ జేజినాయన వాకిట్లోనే కాచుకోనుండేవాడు.

"చెప్పినావా?"

"లేదు."

"తిన్నావా?"

"తింటి."

"తిండిపోతుదానా!"

నువ్వు గాదు, నేనే పోతా అని ఒకనాడు తానే లేచె. తిరిగొచ్చినాక ఎంత అడిగినా మాట్లాడడే! ఏమంటే, కాసిం టేపు తెచ్చి కొత్త చొక్కాకు కొలతలు తీసుకున్నాడంట. చెప్పనీకి పోయిన మొనగాడు చేతులు చాపి కొలతలిచ్చి వచ్చె. నేను నవ్వలేక చస్తి.

అప్పుడు నాకొక ఉపాయం తోచె. శనివారాలు నాకు ఒక్కపొద్దు గదా, మాపటేళ దీపం పెట్టేంతవరకు మంచినీళ్ళు గూడా ముట్టను. ఆ నాడైతే మాబున్ని ఏం పెట్టినా తినేది లేదు, ధైర్యంగా చెప్పొచ్చు అనుకొని శనివారం పైటాల, కూడు తినే వేళకు పోతి. పోతే ఏముంది, పొయ్యి ఆరిపోయి ఉండాది. రంజాన్ నెల! నాకు గుర్తే లేదు సూడు. వాళ్ళదీ ఉపవాసమే, నాదీ ఉపవాసమే. అది చెంబుతో నీళ్ళు గూడా ఇయ్యలేదు, నేను అడగలేదు. చాప మీద ఇద్దరం ఎదురెదురుగా ఊరికే కూచుంటిమి.

చెప్పేస్తి. ఇల్లు అమ్ముతాండాం మాబున్నీ, తోట ఎండిపోతాంది, మీరు ఖాళీ చేయల్ల అని. చెప్పి తల దించుకుంటి.

"తెలుసక్కా," అనె. "సిమెంటు అంగడాయన గోడలు కొలుచుకొని పోయినప్పుడే తెలుసు. ఆ మాట నీ నోట్లోంచి రాకూడదనే, నువ్వు వచ్చినప్పుడల్లా పొయ్యి ముట్టిస్తాంటి. ఈ పొద్దు ముట్టించలేనని సూసుకొనే వచ్చినావా?"

"నా బిడ్డల మీద ఒట్టు, ఈ పొద్దు నా శనివారం మే!" అంటి.

దానికి నవ్వొచ్చె, నాకూ నవ్వొచ్చె. నవ్వీ నవ్వీ అది ఏడ్చె. "ఇల్లు యాడన్నా దొరుకుతాదక్కా. ఈ వసారాలో ఆయన మిషను తొక్కుతాంటే దావన పోయే వాళ్ళంతా కేకేసి గుడ్డలిచ్చి పోతారు. ఊరి బయట ఇండ్లలోకి పోతే ఎవరు వెతుక్కుంటా వస్తారు? ఏం తిని బతకల్ల?" అనె. అంతవరకు నేను నా చెట్ల గురించే ఏడుస్తాంటి గానీ, దీని బాధ ఇదని నాకు తట్టనే లేదు.

తర్వాత అది మాపటి వంటకు లేచె. నేను ఎర్రగడ్డలు తరిగిస్తి. పొద్దు మునిగినాక మసీదులో అజా ఇచ్చిరి. మాబున్ని ఒక ఖర్జూరపండు నా చేతిలో పెట్టె. నాకూ దీపాల వేళే గదా, కండ్లకద్దుకొని తింటి. మా అమ్మ ఇంట్లో నేను తిన్న కడపటి తిండి అదే.

గింజ ఊసేసి నేరుగా అదే వీధిలో మా చిన్నాయన కొడుకు ఇంటికి పోతి. వాడికి వీధి పక్కన ఒక గది, దాని వెనకాల ఇంగో గది ఉండె, ఎరువుల మూటలు వేసుకొని పెట్టినాడు. "అవి కాసింకు బాడుగకియ్యి" అంటి.

"మూటలు యాడ పెట్టుకోవల్లక్కా?"

"నీ నెత్తిన పెట్టుకో. బాడుగకు నేను పూచీ" అంటి. గొణుక్కుంటానే ఇచ్చె.

రంజాన్ పండగైనాక మారిరి. మిషను మోసింది ఎవరనుకున్నావు? ఆ కొత్త చొక్కా వేసుకొని మీ జేజినాయనే ఒక పక్క పట్టె.

బోరులో నీళ్ళు పడె. శానా కాదు, చెట్లు బతికేంత. మొదటి కాపు కాయలు మాబున్నికే తీసుకపోతి. ఇప్పుడు గూడా కమలాపురం పోతే దాన్ని సూడకుండా రాను. పోతే ఏమంటాదో తెలుసా? "ఏమన్నా చెప్పేదుంటే ముందు చెప్పక్కా, తర్వాత పొయ్యి ముట్టిస్తా" అంటాది, దొంగది.

సరే, నీకు పొద్దు పోతాంది. ముందు వాళ్ళకు దగ్గర్లో ఇల్లు సూడు మే, బిడ్డల ఇస్కూలు దూరం కాకుండా. ఆ మూలన రెండు సంచులు ఉండాయి, చీనీకాయలు నింపుకో. ఒకటి నీకు, ఇంగోటి మీ మిద్దె మీద వాళ్ళకు. వాళ్ళ సంచి మాత్రం చెప్పినాకనే ఇయ్యి. ముందే ఇస్తివా, కూచోబెట్టి కాఫీ ఇస్తారు, ఇంగ అంతే. సల్లగుండు తల్లీ...