గోడకు గీవల కూసున్న మనిషి

బువ్వ వద్దన్న గదనే, ఎందుకు మల్లమల్ల అడుగుతవ్? కూసుండబుద్ధి అయితలేదు, నిలబడబుద్ధి అయితలేదు. హైదరాబాద్‌కెల్లి వచ్చిన కాన్నుంచి గిట్లనే ఉంది.

ఏంది, రేడియోల తీస్కున్నరా లేదా అంటవా? చెప్తున్న, జర ఆగు. ముందుగాల నువ్వు ఆ కండెలు చుట్టుడు ఆపరాదు అనసూర్యా. రాట్నం సప్పుడుకు నా తలకాయ తిరుగుతుంది.

నేనెసొంటోన్నో నీకెరుకనేనాయె. గీ కరీంనగర్ జిల్లాల కబడ్డి పోటీ అంటే ముందు నన్ను పిలుస్తరు, తర్వాతనే ఆటగాండ్లను. ముష్తాక్ భాయ్ మైకు సెట్టు తెచ్చి, బాకాలు కట్టి, 'కొమురెల్లీ, ఇగ నీ ఇష్టం' అంటడు. నేను నోరు తెరిస్తే గ్రౌండు గ్రౌండంత లేచి నిలబడుతది. లక్సెట్టిపేటల హనుమండ్లు కూతకు పోతుంటే, 'చూడుండ్రి, పులిబిడ్డను చూడుండ్రి' అన్న. వాడు ముగ్గురిని ఈడ్చుకొచ్చిండు. నా మాటకే బలమొచ్చిందని వాడే చెప్పిండు.

గందుకే రేడియోకు ఆట ముచ్చట చెప్పెటోళ్లు కావాలె అనంగనే, నాకంటే ఎవడున్నడు అనుకున్న. ఇగ మీద పంచాయతి రేడియో కాడ నా గొంతు ఇంటరని వాడకట్టంత చెప్పుకున్న. అంతయ్య షావుకారి కాడికి పోయి, ఇగ నేను నెయ్య, నీ మగ్గం ఇంకెవనికన్న ఇచ్చుకో అన్న. గట్ల చూడకే. నువ్వు వద్దన్నవ్, నేను ఇనలే. నిజమే.

అక్కడ ఏమైందంటే, మైదానంల కబడ్డి ఆడిపిచ్చిండ్రు. నన్ను అరుగు మీద మైకు ముంగట కూసోవెట్టిండ్రు. ఆఫీసరేమో లోపలి అర్రల తలుపేస్కొని, చెవులకు ఏదో తగిలిచ్చుకొని కూసున్నడు. ఆట చూడకుంట ఈయనేం పరీక్ష చేస్తడని లోపట నవ్వుకున్న. ఇగ అందుకున్న. 'చూడుండ్రి, ఎట్ల పోతుండో చూడుండ్రి. అరెరె, దెబ్బంటే గదీ. మల్లొచ్చిండు, చూడుండ్రి.' ఆడేటోళ్లు సుత ఆగి నా దిక్కు చూసిండ్రు.

అయిపోయినంక ఆయన బయటికొచ్చిండు. మంచోడే, పాపం. 'గొంతు చాలా బాగుందండీ' అన్నడు. నేను ఉబ్బిపోయిన. 'ఇంతకీ ఎవరు గెలిచారు?' అన్నడు.

ఎగతాళి చేస్తుండా అనుకున్న. కాదే, ఆయనకు నిజంగనే తెల్వదు. 'వినేవాళ్లకు ఆట కనిపించదు కదండీ. ఎవరు వెళ్లారు, ఎవరు పట్టుకున్నారు, ఒక్కటీ చెప్పలేదు మీరు' అన్నడు. దసరా పోయినంక ఇంకోపారి రమ్మన్నడు. గదే ఆఖరంట.

సిద్దిపేట దాక ఆయనను తిట్టుకుంట వచ్చిన. ఆట మొఖం చూడనోడు నాకు చెప్తడా? గ్రౌండ్ల ఉన్నోళ్లను అడిగితే నేనేందో చెప్తరు.

గ్రౌండ్ల ఉన్నోళ్లకైతే కండ్లున్నయి గద. సిద్దిపేట దాటినంక గా మాట మతికొచ్చింది. గప్పటికెల్లి మనసు మనసుల లేదు.

ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. మన ఇల్లు గ్రౌండు గోడకు ఆనుకొనే ఉన్నదాయె. నువ్వు ఏనాడు ఆటకు రాలే. మన వాడకట్టు ఆడోళ్లెవ్వరు రారు. గీడ పని చేసుకుంటనే బాకాల నా గొంతు ఇంటవ్. పదేండ్ల సంది ఇంటున్నవ్. ఆట నీకు సమజైతుండెనా?

తల అడ్డంగ ఊపుతున్నవేందే? ఒక్కనాడు సుత కాలేదా?

గందుకేనా, నేను ఇంట్లకు రాంగనే చెంబుల నీళ్లిచ్చి, 'ఎవరు గెలిచిండ్రు' అని అడుగుతుంటివి? గింత సేపు ఇన్నవ్ గద, చెవిటిదానివా అని కసురుకుంటుంటి నేను.

మరి చెప్పొద్దా? పదేండ్లల్ల ఒక్కపారన్న... ఏంది? చెప్పనిస్తివా అంటవా?

సరే. ఆ ఆఫీసరు ఒక్క పూటల తేల్చిండు. నువ్వు పదేండ్ల సంది ఎరుకుండి, బువ్వ పెట్టుకుంట ఊకున్నవ్. మగ్గమైతే పాయె. షావుకారు ఇయ్యాల్నే దాని మీద ఇంకొకన్ని కూసోవెట్టిండట.

భయమైతుందే. వెయ్యి మందిని లేపి నిలబెట్టుడు నాకొచ్చు. గోడకు గీవల కూసున్న ఒక్క మనిషికి సమజయ్యేటట్టు చెప్పుడు రాదు. పదేండ్లల్ల ఇంట్ల నేర్వనోణ్ని, దసరా లోపట యాడ నేరుస్త?