బంతి తన్నని మనిషికి గౌరవ ఫలకంపై చోటు

1978 మార్చి 11, శనివారం నాడు శ్రీ శాంతిరాజు గారు మన నౌకా మరమ్మతు కంపెనీలో స్టోర్సు సహాయకునిగా చేరారు. 1997 మార్చి 31న స్టోర్సు పర్యవేక్షకునిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల నడుమ ఆయన చేసిన ఉద్యోగం గురించి కంపెనీ కాగితాలు చెబుతాయి. సెలవు దినమైన శుక్రవారాల్లో ఆయన మోసిన మరొక బాధ్యత గురించి చెప్పవలసిన వారం మనం.

శాంతిరాజు గారి స్వగ్రామం నరసాపురం సమీపంలో ఉంది. బహ్రెయిన్ రాకముందు విశాఖ రేవులో సరుకు లెక్క చూసేవారు. ఇక్కడ 1984లో స్టోర్‌కీపరుగా, 1991లో పర్యవేక్షకునిగా పదోన్నతి పొందారు. అరిగిన గ్రైండింగు డిస్కు తెచ్చి చూపనిదే కొత్త డిస్కు ఇవ్వకపోవడం ఆయన పద్ధతి. మేనేజరు స్వయంగా వచ్చి అడిగిన రోజున కూడా ఆ పద్ధతి మారలేదు. మేనేజరు తిరిగి వెళ్ళి పాత డిస్కు తెచ్చుకున్నారు. 1986లో శాంతిరాజు గారి సతీమణి జీవమ్మ గారు వచ్చి ముహర్రక్‌లో ఒక కుటుంబం వద్ద పనిలో చేరారు. నాటి నుంచి దంపతుల కాపురం గుదైబియాలో. శుక్రవారం ఉదయం తెలుగు క్రైస్తవ సహవాసంలో వాక్యం చదివే బాధ్యత ఆయనది. సాయంత్రం మన క్యాంపు వెనక ఇసుక మైదానంలో ఈల ఊదే బాధ్యత కూడా ఆయనదే.

ఈ రెండో బాధ్యత ఆయన కోరుకున్నది కాదు. 1985లో మన విభాగాల మధ్య ఫుట్‌బాల్ పోటీలు మొదలైనప్పుడు రెఫరీగా ఉండడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఈల స్టోర్సు సామాను గనుక స్టోర్‌కీపరే ఊదాలని ఎవరో అన్నారు. నవ్వులాటకు అన్న ఆ మాట పన్నెండేళ్ళు నిలిచింది. ఆయన ఒప్పుకుంటూ ఒక నియమం పెట్టారు. రెఫరీ ఇచ్చిన తీర్పు తప్పని ఇరు జట్ల నాయకులూ కలిసి చెబితే తీర్పు మార్చుకుంటారు. ఒక్కరు చెబితే మార్చుకోరు. ఒక జట్టుకు నష్టమైన తీర్పు మరొక జట్టుకు లాభం గనుక, ఆ నియమం అమలైన సందర్భం మైదానంలో ఎన్నడూ రాలేదు.

మైదానంలో మరొక ఆచారం ఉంది. పొద్దుగూకే వేళ నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినబడగానే ఈల మోగుతుంది, ఆట ఆగుతుంది, ప్రార్థన చేసేవారు చేసుకుని వచ్చాక తిరిగి మొదలవుతుంది. 1992 ఫైనల్లో స్టోర్సు, వెల్డింగు జట్లు తలపడ్డాయి. స్కోరు సమానంగా ఉన్న సమయంలో స్టోర్సు జట్టు నాయకుడు భీమరాజు కొట్టిన బంతి గాలిలో ఉండగా అజాన్ మొదలైంది. ఈల మోగింది. ఆ తరువాత బంతి వలలో పడింది. శాంతిరాజు గారు గోలు ఇవ్వలేదు.

"ఏంటండీ ఇది! బంతి నా కాలు దాటాక కదండీ అజాన్ వినపడింది?" అని భీమరాజు అడిగారు.

"నిజమే. వలలో పడకముందు ఈల మోగింది."

"మనది స్టోర్సు జట్టండీ! అసలు మీరు మనోళ్ళేనా?"

"రేపు డ్యూటీలో మీవాణ్ణే. ఇప్పుడు కాదు."

ప్రార్థన ముగిశాక వెల్డింగు జట్టు గోలు కొట్టి కప్పు తీసుకుపోయింది. ఆ వారమంతా స్టోర్సులో ఆయనతో పని మాట తప్ప మరో మాట ఆడినవారు లేరు. ఆయన మాత్రం రోజూ అందరికీ టీ తెప్పించారు. మూడో రోజు నుంచి వాళ్ళు తాగారు.

వినోదశాల గోడకు ఉన్న గౌరవ ఫలకం మీద ఏటా ఒక ఆటగాని పేరు రాస్తాం. బంతి తన్నకుండా ఆటను నిలబెట్టిన ఒకరి పేరు కూడా ఈ ఏడు రాయాలని క్రీడా సంఘం నిర్ణయించింది. ఎవరి పేరు అన్నది చర్చించడానికి మార్చి 14, శుక్రవారం మధ్యాహ్నం సభ జరిగింది. అధ్యక్షత ఎవరు వహించాలన్న ప్రశ్నకు మాత్రం చర్చ అవసరం కాలేదు. శాంతిరాజు గారు ఈలతో వచ్చి కూర్చున్నారు. జీవమ్మ గారు వెనక వరుసలో కూర్చున్నారు.

శిక్షకుడు శ్రీనివాసరాజు గారి పేరు మొదట వచ్చింది. ఆటగాళ్ళను తయారు చేసింది ఆయనేనని కొందరు, ఆయన నేర్పింది స్టోర్సు జట్టుకు మాత్రమేనని మరికొందరు వాదించారు. తరువాత మెస్సు వంటమనిషి బుల్లబ్బాయి లేచి తన పేరు తానే చెప్పుకున్నారు.

"గోలు నేను కొట్టలేదండి. కొట్టినోళ్ళందరికీ అన్నం నేనే పెట్టానండి. ఓడినోళ్ళకి కూడానండి, అదింకా కష్టం."

చప్పట్లు మోగాయి. అవి ఆగాక వెల్డింగు జట్టు నాయకుడు రాజమల్లు నిలబడ్డారు. ఈయన కరీంనగర్ జిల్లావారు.

"నేను శాంతిరాజు సారు పేరు చెప్తున్న. నన్ను ఎన్నిసార్లు బయటికి పంపిండో మీ అందరికి ఎరికే. పంపినప్పుడల్లా తప్పు నాదే. గీ ముచ్చట మల్ల మైదానంల నన్ను అడగకుండ్రి, ఒప్పుకోను."

నవ్వులు ముగియకముందే ఈల మోగింది.

"అధ్యక్షుని పేరు సభ ముందుకు రాకూడదు. తరువాతి పేరు చెప్పండి" అన్నారు శాంతిరాజు గారు.

"గట్లెట్ల సారూ? ఈ నెలాఖరుకు మీ వీసా ఖలాస్. వచ్చే యేడు మీరు ఈడ ఉంటరా?"

"ఉండను. పేరు కోసం నియమం తప్పితే, ఇన్నేళ్ళూ నేను మీకు ఇచ్చిన తీర్పులకు విలువేముంది?"

రాజమల్లు కూర్చున్నారు. ఆ సంగతి అక్కడితో ముగిసినట్టే కనబడింది. నిష్పక్షపాతం కోసం మనం అధ్యక్షునిగా కూర్చోబెట్టిన మనిషికి ఆ కుర్చీ వల్లనే ఫలకంపై చోటు లేకుండా పోయింది. మరో సభ జరిగే నాటికి ఆయన ఈ దేశంలో ఉండరు. అప్పుడు భీమరాజు లేచారు. ఐదేళ్ళ నాటి గోలు అందరికీ గుర్తుంది గనుక తలలన్నీ అటు తిరిగాయి.

"ఇప్పుడిచ్చిన తీర్పు తప్పండి" అన్నారు భీమరాజు. "మల్లన్నా, నువ్వు కూడా లేచి చెప్పు. ఇద్దరం చెప్పాలి కదా."

రాజమల్లు లేచారు. "తప్పే. ఇగో, ఇద్దరం చెప్తున్నం."

"నువ్వేనా భీమరాజూ ఈ మాట అంటున్నది?" అని శాంతిరాజు గారు అడిగారు.

"నేనేనండి. ఆ గోలు ఇవ్వలేదని కోపం ఉందండి, ఎప్పటికీ ఉంటదండి. అది వేరు. మనోళ్ళని ఓడించిన మనిషి పేరు నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారండి?"

శాంతిరాజు గారు ఈల పట్టుకుని లేచి నిలబడ్డారు. వెనక నుంచి జీవమ్మ గారి గొంతు వినబడింది.

"నియమం పెట్టింది మీరేగా! చేపల మార్కెట్లో ఏది కొనాలో తేలక నిలబడ్డట్టు అలా నిలబడకండి. ఏదో ఒకటి తేల్చండి."

"తీర్పు మార్చుకుంటున్నాను" అన్నారు ఆయన. పన్నెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. అయితే తన పేరుకు లేచే చేతులను తాను లెక్కపెట్టబోనని చెప్పి, ఈల ఎవరైనా తీసుకోవాలని కోరారు.

"ఇలా ఇవ్వండి" అని బుల్లబ్బాయి ముందుకు వచ్చారు.

"నీ పేరు పోటీలో ఉంది గదా?"

"ఇప్పుడు లేదండి, తీసేశా. బోర్డు ఎవరిక్కావాలండి, ఆ ఈల ఒక్కసారి ఊదాలని ఎన్నాళ్ళనుంచో ఉంది. యల్లా, కానివ్వండి, చేతులెత్తండి!"

బుల్లబ్బాయి ఈల ఊదారు, చాలాసేపు ఊదారు. చేతులు లెక్కపెట్టవలసిన అవసరం కలగలేదు. శ్రీనివాసరాజు గారి చేయి అందరికంటే ముందు లేచింది. ఎత్తనివి రెండే చేతులు, అవి శాంతిరాజు గారివి. వాటితో ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

మరుసటి వారం ఫలకం మీద పేరు రాశారు. ఆటగాళ్ళ పేర్ల పక్కన వారు కొట్టిన గోల్స్ సంఖ్య ఉంటుంది. ఈ పేరు పక్కన ఏమి రాయాలని పెయింటరు అడిగితే, సంఘం సభ్యులు ఆలోచించి, పేరు చాలునన్నారు.

శాంతిరాజు గారూ, రెఫరీగా ఉన్నంత కాలం మీకు నచ్చిన ఆట చూసి కూడా మీరు చప్పట్లు కొట్టలేదు. కొట్టే వీలు లేదు. ఏప్రిల్ ఒకటి నుంచి మీరు ఎవరి పక్షానా లేకుండా ఉండవలసిన పని లేదు. నరసాపురం వెళ్ళాక మీకు ఇష్టమైన జట్టును ఎంచుకోండి. అది గెలిస్తే కేకలు వేయండి, ఓడితే రెఫరీని తిట్టండి. జీవమ్మ గారి సాహచర్యంలో, నొప్పి ఎరుగని మోకాళ్ళతో, తగ్గని గొంతుతో, నిండు నూరేళ్ళు అలా పక్షపాతంగా జీవించాలని మీ సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాం.