ఖాళీగా ఉన్న తుమ్మెద

పుట్టిన పిల్లల పేర్లు నమోదు చేసే ఆఫీసులో తోడికోడళ్ళిద్దరూ బల్ల మీద కూర్చున్నారు. చిన్నామె తన పసికందుకు ‘పిడుగు’ అని పేరు ఎంచుకుంది. పెద్దామె మూతి తిప్పింది.

“ఆడపిల్లకి పిడుగేంటే? ఇలాంటి పేర్లు సర్కారే ఆపాలి.”

“మావయ్యగారే ఆపలేదక్కా.”

“అదేనే నా మంట. నా కూతురికి తుమ్మెదని పెడతానంటే, పురుగు పేరా అని ఎగిరిపడి, వాళ్ళమ్మ పేరు తగిలించారు. నీకేమో తలూపారు.”

“ఈమధ్య ఆయన మెత్తబడ్డారు. నన్నేం చెయ్యమంటావు?”

ఇంతలో కిటికీలోంచి గుమాస్తా, పిడుగన్న పేరు నిబంధనలకు ఒప్పదని కాగితం తిరిగిచ్చేశాడు. పెద్దామెకు నవ్వు ఆగలేదు.

“చూశావా, సర్కారుకి బుద్ధుంది.”

“పోనీలే అక్కా. నీ తుమ్మెద ఖాళీగానే ఉందిగా, అది పెట్టేస్తా.”

పెద్దామె ఆ కాగితం లాక్కుని కిటికీ దగ్గరకు నడిచింది.

“మా పిల్ల, మా ఇష్టం బాబూ. పిడుగనే రాయండి.”