చెల్లి పక్కన పెట్టిన ప్లేటు

నా కూతురి కణితి డాక్టర్లందరికంటే తెలివైనదేమోనన్నదే నా పెద్ద భయం. కణితి కణాల్లో ఒక్కో జన్యువునూ పనిచేయకుండా ఆపి, అప్పుడవి ఒంట్లోని రక్షణ కణాలకు చిక్కుతాయో లేదో చూడడం మా చెల్లి ఉద్యోగం. చిక్కాయని పోయిన వారం ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక ల్యాబుకు వెళ్తే, లోపల వాళ్ళ మేడమ్ గొంతు వినిపించి తలుపు బయటే ఆగిపోయాను.

"సగం చచ్చాయన్నావు. ఎవరు చంపారమ్మా?"

"రక్షణ కణాలే, మేడమ్."

"పోల్చి చూడ్డానికి, అవి వెయ్యకుండా కణితి కణాలొక్కటే పెంచిన ప్లేటేదీ?"

"పక్కన పెట్టాను."

"ఎందుకో?"

"అందులోనూ సగం చచ్చాయి."

"అంటే?"

"జన్యువును ఆపడానికి పోసిన మందు ఎక్కువైంది, మేడమ్. దానికే చచ్చాయి."

"దొంగకి నువ్వే విషం పెట్టి, పోలీసులు పట్టుకున్నారని చాటింపు వేశావన్నమాట. మొదటి ఏడాది పిల్లలు కూడా చెయ్యరు ఈ పని."

"మా అక్క కూతురిది కూడా ఇదే కణితి, మేడమ్. ఆ తొందరలో..."

"కణితికి మీ చుట్టరికాలతో ఏం పని? దాక్కోవడం దానికి వచ్చు. దాచడం నీకు వచ్చు. బాగా కుదిరారు ఇద్దరూ."

"మళ్ళీ మొదటినుంచి చేస్తాను."

"ముందు మీ అక్కకి నిజం చెప్పి ఏడు."

మెట్లు దిగుతుంటే నా ఫోన్ మోగింది, చెల్లే. ఎత్తలేదు. మళ్ళీ మోగలేదు. మూడు రోజులైంది, చెల్లి ఇంటికి రాలేదు. నాకింకా కోపమే. అయినా మీలో ఎవరైనా ఆ ల్యాబు వైపు వెళ్తే, మా చెల్లి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి.