దీపం కింద హెటీ

ఏమే రోవీనా, ఇందాకట్నుంచీ ఆ ఫోన్‌లో వాతావరణం మ్యాపు మీద నీలం మచ్చలు చూస్తూ కూచున్నావు, మంచు మన ఊరికి వస్తుందా రాదా? నలభై శాతమా? నలభై శాతం మంచు ఎలా పడుతుందే! కర్టెన్ పక్కకి లాగి వీధి దీపం కింద చూడు. చీకట్లో ఏమీ తెలీదు గానీ, దీపం కింద మొదటి నలుసు కూడా దాక్కోలేదు. నాకది హెటీ నేర్పింది. హెటీ సట్‌క్లిఫ్ అని, బట్టల మిల్లులో నా పక్క మగ్గం ఆవిడది. మీ అమ్మ చంటిపిల్లగా ఉండగానే పోయిందిలే. మనిషి నా భుజం దాకా ఉండేది, అంతే. కోటు మాత్రం చచ్చిపోయిన మొగుడిది, మడమల దాకా వేలాడేది. నడుస్తుంటే కోటే నడిచొస్తున్నట్టుండేది.

ఎక్కడున్నాను? ఆ, మిల్లు. నాలుగొందల మగ్గాలు, ఆ మోతలో దేవుడు పిలిచినా వినపడదు. అందుకని అందరం పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం. మేనేజర్ క్రాబ్‌ట్రీ గారికి ఆ విద్య రాదు. ఆయన ఎదురుగానే ఆయన మీసాల గురించి ఏవేవో అనుకునేవాళ్లం, ఆయనేమో పని బాగా సాగుతోందని తలాడించుకుంటూ పోయేవాడు. మాలో నలభై మంది కొండ మీద హైక్రాఫ్ట్ అనే ఊరి నుంచి రోజూ నడిచి దిగేవాళ్లు. క్రాబ్‌ట్రీ గారి ఇల్లూ అక్కడే, కాకపోతే ఆయనకి కారుండేది. ఒక చలికాలం మధ్యాహ్నం పూట మంచు మొదలైతే, పని ముగిసే గంట కొట్టేదాకా గేటు తియ్యనన్నాడు. దారి మూసుకుపోయింది. వాళ్లంతా రెండు రాత్రులు క్యాంటీన్ నేల మీదే. పైన హెటీ పిల్లలు ముగ్గురూ ఒంటరిగా ఉన్నారు, పెద్దదానికి ఎనిమిదేళ్లు. బొగ్గు అయిపోతే కుర్చీ విరిచి పొయ్యిలో పెట్టుకున్నారట. నవ్వకే! తర్వాత హెటీ కూడా నవ్వుతూనే చెప్పేదనుకో, "నా కూతురు కుర్చీ బాగా ఎంచుకుంది, అది మా అత్త కూచునేది" అని.

ఆ తర్వాత హెటీ మూడు వారాలు ఆయన్ని వదిలితే ఒట్టు. చివరికి కాగితం రాయించింది. మిల్లు పెరట్లో దీపం కింద మంచు కనపడిందా, కొండ మీది వాళ్లు వెంటనే వెళ్లిపోవచ్చు, కూలి కొయ్యరు. ఆయన కింద ఇంకో వాక్యం చేర్చాడు, ఒక్కసారి తప్పు చెప్పినా ఒప్పందం రద్దు అని. చూశావా న్యాయం! ఆకాశం మాట తప్పితే ఆడవాళ్లకి శిక్ష.

సరే, మరుసటి ఏడాది జనవరిలో ఐదు రోజులు తూర్పు గాలి. ఆకాశం పాత రేకులా ఉంది. రేడియోలో ఇవాళా రేపూ అంటూనే ఉన్నారు. హెటీ మగ్గం కిటికీ పక్కనే. ఒక కన్ను బట్ట మీద, ఇంకో కన్ను పెరట్లో. మూడున్నరకి దీపం వెలిగింది. నాలుగవుతుండగా నా వైపు తిరిగి పెదాలు కదిపింది, "మంచు." నేను పక్కదానికి, అది దాని పక్కదానికి... నిమిషంలో నలభై మంది కోట్లేసుకుని తలుపు దగ్గరున్నారు. క్రాబ్‌ట్రీ గారు పరిగెత్తుకొచ్చాడు. బయటికెళ్లి దీపం కింద నిలబడి, ఇదిగో ఇలా, నాలుక బయటపెట్టాడు. అంత పెద్దమనిషి! తుపుక్కున ఉమ్మి, "హెటీ, ఇది దూది! ఫ్యాన్లోంచి కొట్టుకొస్తున్న మన దూదే!" అన్నాడు. హెటీ కూడా నాలుక చాపింది. "నాకు చల్లగానే ఉందయ్యా." "నీ నాలుకే చల్లగా ఉంది!" "అయితే మగ్గాలాపించు. దూదైతే ఆగిపోతుంది, మంచైతే ఆగదు." ఆయన మీసం తిప్పి, ఆపండన్నాడు. అన్నీ ఆగాయి. నేను చేరాక పనివేళ మిల్లు నోరు మూసుకోవడం అదే మొదటిసారి. చెవులు గింగురుమన్నాయనుకో. అందరం దీపం వైపే చూస్తున్నాం. తెల్లగా రాలేది పల్చబడింది, ఇంకా పల్చబడింది... ఆగిపోయింది. ఒక్క నలుసు లేదు.

"రద్దు!" అన్నాడు క్రాబ్‌ట్రీ. "పొండి, మగ్గాల దగ్గరికి పొండి." హెటీ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది. "తప్పు నాదే. కాగితం చింపెయ్యి. నా పిల్లలు మాత్రం నీ కాగితంలో లేరు" అని గేటు వైపు నడిచింది. వెనకాలే ఒకామె, ఆ వెనక ఇద్దరు, తర్వాత లెక్కపెట్టేదెవరు! మిల్లు ఆయనదే, కాళ్లు మావి కదా. నేనా? నా ఇల్లు మిల్లుకి ఎదురుగానే. అయినా కోటేసుకుని కొండెక్కేశాను. ఎందుకంటే ఏం చెప్పను, పందొమ్మిదేళ్లు!

హెటీ ఇంటి గడప తొక్కాక మొదలైంది చూడు మంచు, కిటికీ సగం దాకా! నాలుగు రోజులు దారి లేదు. ఆమె పిల్లలతో కలిసి ఒకే మంచంలో పడుకున్నాను, బంగాళాదుంపలే తిన్నాం, కుర్చీలు మాత్రం ముట్టుకోలేదు. అయిదోరోజు భయంభయంగా దిగాం, పని ఉందో ఊడిందో అని. గేటు దగ్గర క్రాబ్‌ట్రీ గారు. నాలుగు రోజులూ అక్కడే ఇరుక్కుపోయాడట, దూది బేళ్ల మీద పడుకుని. గడ్డం పెరిగింది, మీసం నిండా దూది. మేం నవ్వు బయటికి రాకుండా నోళ్లు నొక్కుకుంటున్నాం. ఆయన హెటీని పక్కకి పిలిచాడు. పక్కకి పిలిచినా అందరికీ వినపడింది. "హెటీ, ఈసారి నువ్వు కోటేసుకునేటప్పుడు నాకూ ఒక మాట చెప్పు."

...

ఏదీ, దీపం కింద ఇంకా ఏమీ రాల్లేదా? సరేలే. పొద్దున తెచ్చిన రొట్టె ఇంకా మిగిలిందా, చూడు. ఆకలేస్తోంది.