చప్పట్లు కొట్టకండి

నా రిటైర్మెంటు సభ కోసం సంగారెడ్డిలో దుకాణం మూసి మరీ వచ్చి అధ్యక్షత వహిస్తున్న పప్పుల వ్యాపారి కాశీనాథ్ గారికి, మన పైపుల ఫ్యాక్టరీ యూనియన్ కార్యదర్శి బద్రీనాథ్‌కు, మొదటి షిఫ్టు దిగి ముఖమైనా కడుక్కోకుండా వచ్చి కూర్చున్న మీకందరికీ ఈ పెంటయ్య నమస్కారాలు. ముందు వరుసలో మా ముత్యమ్మ ఉంది. ముప్పై ఏళ్లుగా ఇంట్లో నా మాటలు వింటున్న మనిషి కనుక, మధ్యలో లేచిపోయినా ఎవరూ తప్పు పట్టకండి. (నవ్వులు)

ఇందాక బద్రీ నన్ను ఆకాశానికెత్తేశాడు. అది నటన కాదని నాకు తెలుసు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడికి లేత్ మిషన్ నేర్పింది నేనే. నా డబ్బాలోని జొన్నరొట్టెలో సగం తిన్నవాడు, నాకు కొడుకులాంటివాడు. అందుకే ఈ మాట వాడి వెనకాల కాకుండా ఎదురుగానే చెబుతున్నాను.

మన యూనియన్ ఒక్క గుంపు చేతిలోకి ఎట్లా పోయిందో చాలామందికి తెలియనే తెలియదు, ఎందుకంటే ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. బద్రీ, వాడి దోస్తులు మొదట మైకు, షామియానా పని తమ మీద వేసుకున్నారు, మనకు శ్రమ తప్పిందని సంతోషించాం. మైకు ఎవరి దగ్గరుంటే ఎవరు మాట్లాడాలో వాళ్లే తేలుస్తారు కదా. తర్వాత రెండో షిఫ్టు వాళ్లు లోపల పనిలో ఉన్నప్పుడే మీటింగులు పెట్టసాగారు. ఇప్పుడు కూడా వాళ్లు లోపలే ఉన్నారు. ఇదేంది అని అడిగిన మన షిఫ్టు యాదన్నకు మేనేజ్‌మెంటు మనిషని పేరు పెట్టారు, ఆ తర్వాత అడిగేవాడే లేడు. ఎమర్జెన్సీ అని ఎన్నికలు ఆపారు. దేశంలో ఎమర్జెన్సీ పోయి ఏడాది దాటింది, మన యూనియన్లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. (నవ్వులు) యాదన్న నవ్వడం లేదు, చూడండి.

తీర్మానం చదవగానే చప్పట్లు పడితే అందరూ ఒప్పుకున్నట్టే అనేది మన దగ్గర ఆనవాయితీ. పోయిన దసరాకు ఆయుధపూజ అయ్యాక లడ్డూలు పంచుతూ, పాత కమిటీయే కొనసాగుతుందని మైకులో చెప్పారు. లడ్డూలు చూసి మనం చప్పట్లు కొట్టాం. ఏకగ్రీవం అన్నారు. మన షెడ్డు ఊడ్చే ఆగమ్మ అప్పుడే బద్రీని నిలదీసింది.

"నేను లడ్డూకు సప్పట్లు కొట్టిన గని, నీకు గాదు కొడుకా."

అదేదో పరాచికం అనుకుని అందరూ మరిచిపోయారు. ఈ ఉదయం కాశీనాథ్ గారు, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు, ప్రేమగా నాతో అన్నారు: "పెంటయ్యా, మీటింగు ఆఖరుకు నిన్ను గౌరవాధ్యక్షుణ్ణి చేస్తున్నమని నాతోని చెప్పిస్తరట. నీ పేరు మీద ఈ కమిటీనే ఇంకో మూడేండ్లు ఉంటది. జనం సప్పట్లు కొడ్తరు, అయిపోతది." (సభలో కలకలం)

బద్రీ, తల దించుకోకు బిడ్డా. నీకు పని రాదని నేననలేదు. ఓట్లు రావని కూడా అనలేదు, నా ఓటు కూడా నీకే వేసేవాడినేమో. కానీ నన్ను సాగనంపుతూ జనం కొట్టే చప్పట్లను నీ గెలుపని రాసుకుంటానంటే నేను ఒప్పుకోను. మీరు కప్పిన ఈ శాలువా మాత్రం తీసుకుంటాను, చలికి ముత్యమ్మ కప్పుకుంటుంది. పదవి వద్దు.

వచ్చే ఆదివారం ఫ్యాక్టరీ బంద్, అన్ని షిఫ్టుల వాళ్లూ రాగలరు. ఆ రోజు చీటీల మీద ఓట్లు వేయించి ఎన్నిక జరపాలి. యాదన్న నిలబడనీ, బద్రీ నిలబడనీ, గెలిచినవాళ్లకే మైకు ఇద్దాం.

నా కోసం ఈ సభ జరిపినందుకు బద్రీకి, ఓపిక పట్టిన కాశీనాథ్ గారికి, ఇన్నేళ్లు నాతో కలిసి చెమటోడ్చిన మీకందరికీ కృతజ్ఞతలు. నా మాట అయిపోయాక ఒక్కరూ చప్పట్లు కొట్టవద్దు. ఎన్నిక కావాలనుకునేవాళ్లు చెయ్యి ఎత్తండి. ఎత్తిన చెయ్యి దించకండి. (ఒక్కొక్కటిగా చేతులు లేస్తున్నాయి) ఆగమ్మా, రెండు చేతులెందుకమ్మా, ఒక్కటి చాలు. (నవ్వులు)

బద్రీ, జెర కిందికి దిగు. ఈ చేతులు నువ్వే లెక్కపెట్టు, నీ లెక్కనే నేను నమ్ముత. సెలవు.