ఆవకాయ ఉప్పు

ఈరోజు బ్రాడీపేట ఇంట్లో నన్ను ఇంటర్ చదివిస్తున్న మావయ్య, వంటింట్లో అత్తయ్య, మిర్చి యార్డు నుంచి వచ్చిన నాన్న, నేను ఉన్నాం. హాల్లో మాటలు నా గదిలోకి వినిపిస్తున్నాయి.

“అద్దాల తొట్టికి నలభై వేలు,” అన్నాడు మావయ్య. “లైట్లకి ఇరవై. చేపలు, పగడాలు మద్రాసు నుంచి తెప్పించా. మొత్తం లక్ష దాటింది.”

“చేపలకి లక్షా బావా?”

“సముద్రపు చేపలు మరి. నీళ్ళలో కలిపే ఉప్పే బకెట్టు మూడు వేలు.”

“చీరాల్లో సముద్రం ఊరికే ఉందిగా.”

“నవ్వులాట కాదు. మేం తిరుపతి నుంచి వచ్చేసరికి అన్నీ చచ్చిపోయాయి. ఆవకాయకి తెచ్చిన ఉప్పు జాడీ ఖాళీగా ఉంది. అమ్మాయే పోసుంటే హాస్టల్ చూసుకో.”

నీళ్ళు తగ్గాయని బోరు నీళ్ళు, ఉప్పు పోసింది నేనే. నిన్న ఫోన్లో నాన్నకి చెప్పి ఏడ్చాను.

“నేనే పోశా,” అన్నాడు నాన్న. “మొన్న యార్డులో మిరపకాయలు దించి ఇటొచ్చినప్పుడు.”

“ఆ మాత్రం తెలియదా నీకు?”

“తెలీదండీ.”

నాన్న మావయ్యని అండీ అనడం ఎప్పుడూ వినలేదు. గుమ్మంలోకి వెళ్ళాను.

“మావయ్యా, ఆ ఉప్పు...”

“పోయి చదువుకో,” అంటూ నాన్న నా మొహం చూడకుండా తలుపు వేసేశాడు.